ఎనిమిది క్యూలు, తెరిచింది ఒకటే

సంక్రాంతికి పెందుర్తి ఇంటికొచ్చి కూడా ఆఫీసు వర్చువల్ మెషీన్‌తో కుస్తీ పట్టాను. ప్రాసెసర్లు రెండు నుంచి ఎనిమిది చేసినా నెట్‌వర్క్ వేగం పెరగదే! పాకెట్ల పనంతా ఒక్క సీపీయూ నెత్తిన, మిగతా ఏడూ గోళ్ళు గిల్లుకుంటున్నాయి. హోస్టు టీముని ఏకిపారేస్తూ మెయిల్ కొట్టి, ఆ తర్వాత తీరిగ్గా చరిత్ర తవ్వాను.

2008 జనవరిలో లినక్స్ 2.6.24తో రస్టీ రస్సెల్ వర్ట్‌ఐఓ వచ్చింది. నెట్‌వర్క్ కార్డుకి పంపడానికో క్యూ, అందుకోడానికో క్యూ. అప్పటికది చాలు. 2010లో వీహోస్ట్-నెట్ పాకెట్ల పనిని క్యూఈఎంయూ నుంచి కెర్నల్లోకి తెచ్చింది గానీ క్యూలు మాత్రం అవే రెండు. అదే ఏడాది సెప్టెంబర్లో ఐబీఎం ఇండియా నుంచి కృష్ణకుమార్ బహుళ క్యూల పాచ్‌లు పంపారు. వెంటనే చేర్చుకోలేదు. ఎందుకంటే ఇది కిటికీలు పెంచినంత తేలిక కాదండీ. ఒకే కనెక్షన్ పాకెట్లు వేర్వేరు క్యూల్లో పడితే వరస తప్పుతాయి, టీసీపీ ఏదో పోయిందనుకుని వేగం తగ్గించేస్తుంది. రెడ్‌హ్యాట్ జేసన్ వాంగ్ ఆ పని కొనసాగించాక 2013 ఫిబ్రవరిలో, 3.8లో చేరింది. కమిట్‌లో ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.

అసలు తమాషా ఇక్కడుంది. చిన్న పాకెట్లు నెమ్మదిస్తాయేమోనన్న భయంతో, ఎన్ని క్యూలున్నా డ్రైవర్ ఒక జతే తెరిచేది. మిగతావి కావాలంటే ఎత్‌టూల్‌తో మనమే చెప్పాలి. 2017 ఫిబ్రవరిలో 4.10 వచ్చాకగానీ అన్నీ వాటంతటవి తెరుచుకోలేదు. నా మెషీన్‌లోది అంతకంటే పాత కెర్నల్. హోస్టు వాళ్ళు ఎనిమిది జతలూ ఎప్పుడో ఇచ్చేశారు!

ఒక్క కమాండు కొట్టాను, ఎనిమిది సీపీయూలూ పనిలో పడ్డాయి. కనుమ రోజు కూర్చుని క్షమాపణ మెయిల్ రాశాను.