స్టూడియో మైకు లోపల ఏముంటుంది? జాలీ విప్పితే బయటపడే అసలు సంగతి

స్టూడియో మైకులన్నీ బయటి నుంచి చూస్తే దాదాపు ఒకేలా ఉంటాయి. బరువైన లోహపు గొట్టం, పైన జాలీ, కింద మూడు పిన్నుల సాకెట్. రెండు వేల రూపాయల మైకుకూ, రెండు లక్షలు దాటే మైకుకూ ఫొటోలో తేడా కనిపెట్టడం కష్టమే. ఇంట్లోనే నాత్‌లు, ప్రసంగాలు, యూట్యూబ్ వార్తలు రికార్డు చేసేవాళ్లు పెరిగాక కొత్తవీ, సెకండ్‌హ్యాండ్‌వీ కొనేవాళ్లూ పెరిగారు. చాలామంది డబ్బు పెట్టేది మాత్రం బాడీ చూసే. శబ్దాన్ని పట్టుకునేది జాలీ వెనకాల ఉన్న వస్తువు. దాన్ని చూడాలంటే మైకు విప్పాలి, లేదా విప్పి తీసిన ఫొటో అడగాలి.

కండెన్సర్ మైకు జాలీ తీయగానే కనిపించే గుండ్రటి బిళ్ళను క్యాప్సూల్ అంటారు. పెద్ద క్యాప్సూల్ అయితే దాని ముఖాన సుమారు అంగుళం వెడల్పున పలుచటి ప్లాస్టిక్ పొర, దాని మీద బంగారు పూత ఉంటాయి. ఈ పొరే డయాఫ్రం. దాని మందం చాలా మైకుల్లో 6 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, లెక్క వేసుకోండి. పొర వెనకాల ఇత్తడి బిళ్ళ, రెండింటి మధ్య కాగితం మందం కంటే తక్కువ ఖాళీ. వీటికి వోల్టేజి ఇస్తే అదే ఒక కెపాసిటర్. గొంతు తగిలి పొర కదిలినప్పుడల్లా ఆ ఖాళీ మారుతుంది, దాంతో కరెంటు సిగ్నల్ పుడుతుంది. ఈ సూత్రంతో మొదటి మైకు తయారు చేసింది అమెరికాలో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన ఇ.సి. వెంటే, 1916లో. వందేళ్లు దాటినా సూత్రం మారలేదు.

ఇత్తడి బిళ్ళ నిండా రంధ్రాలుంటాయి. కొన్ని ఆరపార ఉంటాయి, కొన్ని సగం లోతులోనే ఆగిపోతాయి. ముందు నుంచి వచ్చే గొంతును తీసుకుని వెనక శబ్దాన్ని తగ్గించడం ఈ రంధ్రాల లెక్క మీదే నడుస్తుంది. బంగారు పూత చాలా పలుచన కాబట్టి పక్క నుంచి లైటు వేస్తే పొర కింద ఆ రంధ్రాల వరసలు లీలగా కనిపిస్తాయి. మైకు ఫొటోల్లో అందంగా వచ్చేది ఇదే.

ఈ రంగంలో అందరూ పోలికకు తెచ్చేది జర్మనీకి చెందిన నాయ్‌మన్ మైకులనే. ఈ కంపెనీని 1928లో బెర్లిన్‌లో పెట్టారు. 1949లో వచ్చిన యు 47 లోపల వీఎఫ్14 అనే టెలిఫంకెన్ వాల్వు ఉంటుంది. ఆ వాల్వు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. తొలినాటి క్యాప్సూల్ పొర పీవీసీతో చేసింది, ఏళ్లు గడిచేకొద్దీ అది గట్టిపడి పెళుసుగా మారుతుంది. అందుకే పాత యు 47 అమ్మకానికి వస్తే కొనేవాళ్లు మొదట అడిగేది లోపలి ఫొటోలే. వాల్వు అసలుదేనా, క్యాప్సూల్ మార్చారా అన్నది ధరను తలకిందులు చేస్తుంది. ఇల్లు కొనేటప్పుడు దస్తావేజు చూసినట్టే అనుకోండి.

1967లో వచ్చిన యు 87లో వాల్వు పోయి ట్రాన్సిస్టర్ జాతికి చెందిన ఎఫ్‌ఈటీ వచ్చింది. తొలి యు 87 విప్పితే బ్యాటరీలు పెట్టే గూడు కూడా కనిపిస్తుంది. 1986 నుంచి వస్తున్న యు 87 ఏఐలో అది ఉండదు. ఇప్పుడు అందరూ వాడే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ వెనక ఓ చిన్న కథ ఉంది. 1966లో నార్వే రేడియో తమ స్టూడియోల్లో అత్యవసర లైట్ల కోసం అప్పటికే ఉన్న 48 వోల్టుల సరఫరాతోనే మైకులు నడవాలని కోరింది. నాయ్‌మన్ అలాగే కేఎం 84 ఇచ్చింది. లైట్ల కోసం పెట్టిన కరెంటే తర్వాత ప్రపంచమంతటికీ ప్రమాణమైంది.

తక్కువ ధర మైకుల్లో ఏముంటుంది?

మధ్య తరగతి ధరలో దొరికే చాలా మైకుల్లో ఉండేది నాయ్‌మన్ కే67 క్యాప్సూల్‌ను పోలిన చైనా క్యాప్సూల్. నడిమధ్యన చిన్న స్క్రూ, దానికి వైరు, చుట్టూ స్క్రూల వలయం ఉంటే ఆ వరసదే అని అనుకోవచ్చు. క్యాప్సూల్ నకలు బాగానే ఉంటుంది, చిక్కు దాని కింద ఉన్న సర్క్యూట్‌లో. ఈ రకం క్యాప్సూల్ తీక్షణమైన పై స్వరాలను కాస్త ఎక్కువ చేసి పంపుతుంది. అసలు యు 67, యు 87 సర్క్యూట్లలో ఆ ఎక్కువను మళ్లీ తగ్గించే ఏర్పాటు ఉంది. చౌక మైకుల్లో చాలావాటికి అది ఉండదు. ఫలితం రికార్డింగ్‌లో స, శ, ష అక్షరాలు చెవిలో గుచ్చుకోవడం. చాలామంది తమ గొంతే బాగాలేదనుకుని ఊరుకుంటారు. గొంతుదేం తప్పు లేదు.

ఇంకా కింది ధరలో పరిస్థితి వేరు. బీఎం-800 అనే పేరుతో రకరకాల తయారీదారులు అమ్మే మైకుల జాలీ తీసి చూస్తే, అంత పెద్ద తలకాయ మధ్యలో రూపాయి బిళ్ళ కంటే చిన్న ఎలక్ట్రెట్ క్యాప్సూల్ ఒక్కటి ప్లాస్టిక్ ఫ్రేములో కూర్చుని ఉంటుంది. మిగతాదంతా ఖాళీ. ఎలక్ట్రెట్ అంటే శాశ్వతంగా చార్జి నింపుకున్న పదార్థం. 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ దీనితో ఆధునిక మైకును తయారు చేశారు. ఫోన్లలోకీ, టేప్ రికార్డర్లలోకీ మైకు అంత చౌకగా చేరింది వాళ్ల పుణ్యమే. కాబట్టి ఎలక్ట్రెట్ అనగానే నాసిరకం అనుకోనక్కర్లేదు, శబ్ద కొలతలకు వాడే ఖరీదైన మైకుల్లోనూ అది ఉంది. అభ్యంతరమల్లా చిన్న క్యాప్సూల్‌కు పెద్ద తలకాయ తొడిగి ‘లార్జ్ డయాఫ్రం’ అని అమ్మడమే. విప్పకుండానే ఒక ఆనవాలు ఉంది. ఫాంటమ్ పవర్ లేకుండా కంప్యూటర్ సాకెట్‌కు నేరుగా తగిలిస్తే పనిచేసే కండెన్సర్ మైకు దాదాపు ఎప్పుడూ ఎలక్ట్రెటే.

డైనమిక్ మైకుల్లో నకిలీల బెడద ఎక్కువ. 1966 నుంచి వస్తున్న ష్యూర్ ఎస్‌ఎం58 మసీదు, సభ, పెళ్లి పందిరి ఎక్కడైనా కనిపిస్తుంది. అంతగా పేరున్నది కాబట్టే దాని నకిలీలూ అన్ని దేశాల్లో ఉన్నాయి. అసలు మైకు బరువు 298 గ్రాములు. వంటింటి తూకంలో పెట్టి చూసినా అనుమానం తీరుతుంది, బాగా తేలికగా ఉంటే ఆగండి. అసలుదాని పిడిలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ జిగురుతో బిగించి ఉంటుంది. నకిలీల్లో చాలావాటికి అది ఉండదు. దీని జాలీని చేత్తో తిప్పి తీయొచ్చు. లోపలి స్పాంజిని గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టుకోవచ్చు. పదిమంది నోటి దగ్గర తిరిగే మైకుకు ఆ పని ఎప్పుడో చేయాల్సింది.

విప్పేటప్పుడు, ఫొటో తీసేటప్పుడు

వారంటీ ఉన్న మైకును విప్పకండి, అది పోతుంది. మిగతావాటికి ముందు కేబుల్ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి, లోపలి కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది. వాల్వు మైకులకు విడిగా పవర్ సప్లై ఉంటుంది, అందులో వంద వోల్టులు దాటి నడుస్తుంది. అనుభవం లేనివాళ్లు దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. చాలా కండెన్సర్ మైకులకు సాకెట్ చుట్టూ ఉన్న రింగును ఎడమకు తిప్పితే బాడీ గొట్టం జారి వస్తుంది. జాలీకి పక్కన రెండు చిన్న స్క్రూలుంటాయి. ప్రతి అడుగుకూ ఒక ఫొటో తీయండి, స్క్రూలను తీసిన వరసలోనే టేపు మీద అతికించండి. మళ్లీ బిగించేటప్పుడు ఆ ఫొటోలే దారి చూపిస్తాయి.

డయాఫ్రంను వేలితో తాకొద్దు, గుడ్డతో తుడవొద్దు, నోటితో ఊదొద్దు. చూసినవాళ్లకు మొదట చేయాలనిపించేది సరిగ్గా ఈ మూడే. క్యాప్సూల్ దగ్గరి సర్క్యూట్‌లో వంద కోట్ల ఓముల వరకు రెసిస్టెన్స్ ఉంటుంది. అక్కడ వేలిముద్ర జిడ్డు, తేమ చేరినా కరెంటు పక్కదారి పట్టి చిటపటలు మొదలవుతాయి. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో మైకును సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో ఉంచడం అందుకే. పొర మీద మరకలు కనిపిస్తే ఫొటో తీసి మరమ్మతు తెలిసినవాళ్లకు చూపించండి.

ఫొటోకు ఫ్లాష్ పనికిరాదు, బంగారు పూత అద్దంలా తళుక్కుమని అంతా తెల్లగా వస్తుంది. కిటికీ వెలుతురుకు తెల్ల కాగితం అడ్డం పెట్టి పక్క నుంచి పడనివ్వాలి. కెమెరా కాస్త వాలుగా ఉంటే సొంత నీడ పడదు. ఫోను అయితే మరీ దగ్గరికి వెళ్లకుండా రెండు రెట్లు జూమ్ చేసి తీయడం మేలు. క్యాప్సూల్ పక్కన రూపాయి బిళ్ళ పెడితే అసలు సైజు తెలిసిపోతుంది. కొనుగోలు కోసం చూసేవాళ్లకు ఆ ఒక్క ఫొటో చాలు. సర్క్యూట్ బోర్డును రెండు వైపులా తీయాలి.

రిబ్బన్ మైకును మాత్రం ఇంట్లో విప్పొద్దు. అందులో అల్యూమినియం పట్టీ మందం రెండు మూడు మైక్రాన్లే. చుట్టూ ఉన్న అయస్కాంతాలు బల్ల మీది ఇనుప రజనును కూడా లాక్కుంటాయి. గట్టిగా ఊదితే పట్టీ సాగిపోతుంది.

తిరిగి బిగించాక హమ్ శబ్దం వస్తే కంగారు పడనక్కర్లేదు. బాడీ, జాలీ అందానికే కాదు, బయటి కరెంటు రొదను అడ్డుకునే కవచం కూడా. అవి ఒకదానికొకటి లోహానికి లోహం తగలకపోతే హమ్ వస్తుంది. రింగు వదులు చేసి, తగిలే చోట దుమ్ము తుడిచి, మళ్లీ గట్టిగా తిప్పి చూడండి.