వీఆర్ పుట్టింది ఆటల కోసం కాదు

మా హాస్టల్‌లో వీఆర్ అంటే ఆటలే. నేనూ అలాగే అనుకున్నా. దాని చరిత్ర చదివితే వేరేగా ఉంది.

1968లో అమెరికాలో ఇవాన్ సదర్లాండ్ తలకి పెట్టుకునే డిస్‌ప్లే చూపించాడు. బరువు ఎక్కువని పైకప్పు నుంచి వేలాడదీశారు. కనిపించేవి గీతల బొమ్మలే, కానీ తల తిప్పితే బొమ్మా మారేది.

1990ల మొదట్లో బోయింగ్‌లో టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ విమానం వైర్లు కట్టే కార్మికుల గురించి ఆలోచించారు. ఏ వైరు ఎటు పోవాలో పని చేసేవాళ్ల కళ్ల ముందే కనిపించాలన్నారు. ఆగ్మెంటెడ్ రియాలిటీ అనే పేరు అక్కడ వచ్చిందే.

తర్వాత సియాటిల్‌లో, కాలిన గాయాలకి కట్టు మార్చేటప్పుడు రోగులకి 'స్నోవరల్డ్' అనే మంచులోకం చూపించారు. మనసు అటు పోయి నొప్పి తక్కువ తెలిసింది.

మరి మనకి? పోలవరం ముంపులో కోయ, కొండరెడ్ల ఊళ్లు పోతున్నాయి. ఇంటికి పరిహారం లెక్క కడతారు, పండగ చేసుకునే చోటుకి ఏం కడతారు? ఊరు ఉండగానే 360 డిగ్రీల్లో తీసి, పెద్దల మాటలు రికార్డు చేస్తే, రేపటి పిల్లలు ఫోన్ పెట్టే అట్ట కళ్లజోడుతోనైనా ఆ ఊళ్లో నిలబడి చూడొచ్చు. అది భూమికి బదులు కాదు, ఆ పోరాటం వేరే. సెలవులకి ఊరెళ్లేవాళ్లు మొదలుపెట్టండి. ముందు పెద్దల్ని అడగండి, వద్దన్న చోట తీయకండి.