ఒకే కృతి, రెండు ప్లేట్లు

1950 మే 22 రాత్రి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో రిచర్డ్ స్ట్రాస్ రాసిన చివరి నాలుగు పాటలు మొట్టమొదటిసారి వినిపించాయి. పాడినావిడ కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్, వాద్యబృందాన్ని నడిపినాయన విల్‌హెల్మ్ ఫుర్ట్‌వాంగ్లర్. స్ట్రాస్ అంతకు ఎనిమిది నెలల ముందే కన్నుమూశాడు. ఆ కచేరీకి 4,800 డాలర్ల హామీ ఇచ్చినాయన కూడా ఆ హాల్లో లేరు. ఆయన మైసూరులో ఉన్నారు. తాము రాలేరు గనుక ఆ పాటలను రికార్డు చేయించి పంపమన్నారు. ఆయన మైసూరు మహారాజు జయచామరాజ ఒడెయరు.

ఇప్పుడు చిక్కబళ్ళాపుర జిల్లా కింద ఉన్న సోమేనహళ్ళి, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలు సంస్థానం రోజుల్లో ఆయన ఏలుబడిలోని కోలారు జిల్లావి. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం నడిచే ఊళ్ళు. అలాంటి ఊళ్ళున్న సంస్థానపు రాజు, యూరప్ సంగీతం ప్లేట్ల మీదికి ఎక్కిన చరిత్రలో ఒక ముఖ్యమైన చోట కనిపిస్తాడు. ఆ చోటు ఎంత ముఖ్యమో తెలియాలంటే, ఒకే కృతిని ఇద్దరు ముగ్గురు వాయించిన రికార్డులు పక్కపక్కన పెట్టుకుని వినే అలవాటు ఎక్కడ పుట్టిందో, ఎలా పెరిగిందో చూడాలి. ఆ అలవాటు అన్నిటికంటే పదునెక్కింది స్ట్రింగ్ క్వార్టెట్ దగ్గర.

క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెలో. 18వ శతాబ్దం మధ్యలో ఆస్ట్రియాలో జోసెఫ్ హైడెన్ చేతుల్లో అది ఒక రూపానికి వచ్చింది. ఆయన 1781లో పూర్తిచేసిన ఓపస్ 33 గుచ్ఛం చూసి మొజార్ట్ తానూ ఆరు క్వార్టెట్లు రాసి, 1785లో వాటిని హైడెన్‌కే అంకితమిచ్చాడు. ఆ వెనక బీథోవెన్ పదహారు క్వార్టెట్లూ, వాటికి తోడు గ్రోస్ ఫ్యూగ్ అనే మహా కట్టడమూ రాశాడు. క్వార్టెట్‌లో నడిపించేవాడంటూ విడిగా ఎవరూ ఉండరు. ఎవరి గొంతు వారిది. వాద్యబృందంలో అరవై మంది మధ్య ఒకరి తడబాటు కలిసిపోతుంది, ఇక్కడ నలుగురిలో ఒకరి కమాను ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా చెవికి తెలిసిపోతుంది. పోల్చి వినడానికి ఇంతకంటే అనువైన సంగీతం మరొకటి లేదు.

రికార్డులు రాకముందే ఒక గొప్ప పోలిక జరిగింది. 1825 మార్చి 6న వియన్నాలో బీథోవెన్ ఓపస్ 127ను షుపాన్‌జిగ్ బృందం మొదటిసారి వాయించింది. సరిగా రాలేదు. బీథోవెన్ నొచ్చుకున్నాడు, అదే కృతిని యోసెఫ్ బోమ్ అనే మరో వయొలిన్ విద్వాంసుడికి అప్పగించాడు. అప్పటికి బీథోవెన్‌కు చెవులు బొత్తిగా వినిపించవు. సాధన జరుగుతుంటే దగ్గర కూర్చుని నాలుగు కమానుల కదలికనే కళ్ళతో పట్టి చూసేవాడనీ, లయలో పిసరంత తేడా వచ్చినా గుర్తుపట్టి సరిదిద్దేవాడనీ బోమ్ తరవాత చెప్పుకున్నాడు. ఒకే కృతికి రెండు వాదనలు, వాటిని తూచినవాడు ఆ కృతికర్తే, అదీ చూపుతో. అలాంటి తూకం వేయగలిగినవాళ్ళు లోకంలో ఎందరుంటారు? మామూలు శ్రోతకు నిన్నటి కచేరీ జ్ఞాపకం తప్ప మరేమీ మిగిలేది కాదు.

గ్రామఫోన్ ఆ జ్ఞాపకాన్ని ప్లేటు మీద గీసింది. కానీ మొదట్లో క్వార్టెట్‌కు ఒనగూడింది తక్కువే. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గాయని గౌహర్ జాన్ పాటలను పట్టుకెళ్ళినప్పుడు ఉన్న పద్ధతే లండన్‌లోనూ, న్యూయార్క్‌లోనూ ఉండేది. బాకా ముందు నిలబడి గట్టిగా పాడాలి, ఆ అదురుకు ముల్లు కదిలి మైనం మీద గీత పడాలి. మనిషి గొంతు ఆ బాకాలో బాగానే దూరింది. తీగల నాదం దూరలేదు. వయొలిన్‌కు చెక్క పెట్టె బదులు లోహపు బాకా తగిలించిన స్ట్రో ఫిడేలు అందుకే పుట్టింది. చెలో మంద్రం చాలా ప్లేట్లలో వినీ వినిపించనట్టే ఉండేది. పైగా పన్నెండు అంగుళాల ప్లేటులో ఒక పక్కకు నాలుగు, నాలుగున్నర నిమిషాలకు మించి పట్టదు. అందుకని క్వార్టెట్ మొత్తం కాక ఏదో ఒక భాగాన్ని, అదీ కత్తిరించి ఇచ్చేవారు. మన పాటకులు కూడా ఆ రోజుల్లో పల్లవి, అనుపల్లవి, చరణం మూడు నిమిషాల్లో ముగించడానికి సంగతులు వదులుకున్నారు.

మలుపు 1923లో వచ్చింది. స్కాట్లాండ్ నేపథ్యం ఉన్న నవలా రచయిత కాంప్టన్ మెకెంజీ ఆ ఏడు ఏప్రిల్లో లండన్‌లో ది గ్రామఫోన్ పత్రిక పెట్టాడు. ప్లేట్లను పుస్తకాల్లాగా సమీక్షించవచ్చని నిలబెట్టినది ఆ పత్రికే. మరుసటి ఏడే మెకెంజీ నేషనల్ గ్రామఫోనిక్ సొసైటీ ప్రారంభించాడు. కంపెనీలు లాభం రాదని ముట్టని గదిసంగీతాన్ని, చందాదారుల డబ్బుతో, ఎక్కడా కోయకుండా పూర్తిగా రికార్డు చేయడం దాని పని. తొలి ప్లేట్లు స్పెన్సర్ డైక్ క్వార్టెట్ వాయించిన బీథోవెన్ ఓపస్ 74. పూర్తి కృతి చేతికి వస్తేనే గదా రెండో పూర్తి కృతితో సరిచూసేది!

1925లో మైకు వచ్చింది. చెలో మొదటిసారి చెలోలా వినిపించింది. బుడాపెస్ట్ నుంచి వచ్చిన లేనర్ క్వార్టెట్ కొలంబియా కంపెనీకి బీథోవెన్ క్వార్టెట్లన్నీ రికార్డు చేసింది, ఆ పని పూర్తిచేసిన తొలి బృందం అదే. 1931 నుంచి హెచ్‌ఎంవీ కంపెనీలో వాల్టర్ లెగ్ అనే యువకుడు చందాల పద్ధతిని మరింత పెద్దగా నడిపాడు. కొనేవాళ్ళు ముందే డబ్బు కట్టాలి, తగినంత మంది చేరాక రికార్డింగు. ప్రో ఆర్టే క్వార్టెట్ వాయించిన హైడెన్ గుచ్ఛాలు అలా వచ్చినవే. అదే దశకంలో అడాల్ఫ్ బుష్ బృందం బీథోవెన్ చివరి క్వార్టెట్లలో చాలావాటిని హెచ్‌ఎంవీకి ఇచ్చింది. బుష్ జర్మనుడు, యూదుడు కాడు. అయినా 1933లో నాజీలు యూదుల మీద పడ్డప్పుడు ఇక జర్మనీలో వాయించనని వచ్చేశాడు. ఆ కచ్చితత్వం ఆయన కమానులో కూడా ఉందని ఆ ప్లేట్లు విన్నవాళ్ళకు అనిపిస్తే తప్పేమీ లేదు.

ఇక్కడ కాస్త ఆగి ఒకే ఒక్క చోటు దగ్గరగా వినాలి. బీథోవెన్ ఓపస్ 131, మొదటి భాగం. మొదటి వయొలిన్ ఒంటరిగా మొదలుపెడుతుంది. దాని ఆధార స్వరాన్ని షడ్జమం అనుకుంటే, ఆ మొదటి నాలుగు స్వరాలూ ప, ని, స, ధ. నిషాదం కాకలి, ధైవతం శుద్ధం, అంటే కీరవాణి స్వరస్థానాలు. షడ్జమం కింది పంచమంలో మొదలై, నిషాదం మీదుగా షడ్జమానికి ఎక్కి, మళ్ళీ ధైవతానికి దిగుతుంది. బీథోవెన్ ఆ ధైవతం మీద ఒత్తు పలకాలని గుర్తు పెట్టాడు. కాగితం మీద ఉన్నది అంతే. ఎంత ఒత్తు, ఎలాంటి ఒత్తు అన్నది వాయించేవాళ్ళకే వదిలేశాడు.

లేనర్ బృందానిది జారు ఎక్కువగా ఉండే బాణీ. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి వేలు తీగ మీదనే జారుతూ పోతుంది, ఆ దారి కూడా వినిపిస్తుంది, నాదంలో కంపనం వెచ్చగా ఉంటుంది. 1936లో బుష్ బృందం ఇచ్చిన ప్లేట్లలో ఆ జారు పొదుపు. కంపనం సన్నం. ధైవతం మీద బరువు వేలిది కాదు, కమానుది. ఆ తరవాత బుడాపెస్ట్ క్వార్టెట్ వచ్చేసరికి స్వరాలు ఇంకా విడివిడిగా, అంచులు తేరి నిలుస్తాయి. పేరు బుడాపెస్టే గానీ, అప్పటికి ఆ బృందంలో నలుగురూ రష్యా సామ్రాజ్యంలో పుట్టినవాళ్ళు. నాలుగే స్వరాలు, మూడు రికార్డులు. ఒకరి ధైవతంలో వేదన, ఒకరి దానిలో నిగ్రహం, ఒకరి దానిలో ప్రశ్న. ఏది బీథోవెన్‌ది అని అడిగితే మూడూ ఆయన కాగితానికి కట్టుబడి ఉన్నవే. వీటిలో ఒకటే ఎంచుకోమంటే బుష్‌దే ఎంచుకోవాలి. ఆ ధైవతం తరవాత వచ్చే స్వరాలు దాని బరువును మోస్తూ దిగుతాయి, ఎక్కడా పక్కన పెట్టవు.

పాత ప్లేట్లతో ఒక చిక్కు ఉంది. ఓపస్ 131లో ఏడు భాగాలు, మధ్యలో ఆగకూడదని కృతికర్త నిర్దేశం. దాదాపు నలభై నిమిషాల కృతి. 78 వేగపు ప్లేట్ల మీద నాలుగైదు నిమిషాలకొకసారి లేచి పక్క తిప్పాలి. వాయించేవాళ్ళకూ అదే తంటా. మైనం మీద దిద్దుబాటు కుదరదు, నాలుగో నిమిషంలో ఒక స్వరం తప్పితే మళ్ళీ మొదటి నుంచీ వాయించాలి. ఆనాటి ప్లేట్లలో చిన్న చిన్న పొరపాట్లు అలాగే ఉండిపోవడానికి కారణం అది. వాటిని లోపాలుగా లెక్కగట్టి మార్కులు తగ్గించే శ్రోత, ఆ నాలుగు నిమిషాలు ఒక్క ఊపున సాగాయన్న సంగతి మరిచిపోతున్నట్టే.

మైసూరు కథ ఇక్కడ వచ్చి కలుస్తుంది. చందాల సొసైటీలు నడిపిన వాల్టర్ లెగ్ 1945లో లండన్‌లో ఫిల్‌హార్మోనియా వాద్యబృందాన్ని స్థాపించాడు. డబ్బుకు కటకట. అప్పుడు మైసూరు మహారాజు పిలుపు వచ్చింది. రాజమహల్లో లెగ్ చూసినది మామూలు సేకరణ కాదు. పేరున్న శాస్త్రీయ సంగీతపు ప్లేట్లన్నీ ఉన్న గ్రంథాలయం లాంటి గది, రకరకాల లౌడ్‌స్పీకర్లు, కచేరీ పియానోలు. మూడేళ్ళ పాటు ఏడాదికి 10,000 పౌన్లు ఇస్తామని మహారాజు మాటిచ్చారు. 1948లో ఫిల్‌హార్మోనియా కచేరీ సంఘానికి తొలి అధ్యక్షులయ్యారు. లండన్‌లో పేదరికంలో ఉన్న రష్యన్ స్వరకర్త నికొలాయ్ మెట్నర్ కృతులు కాలగర్భంలో పోకూడదని మెట్నర్ సొసైటీ పెట్టించి, ఆయన చేతనే హెచ్‌ఎంవీకి రికార్డు చేయించారు. మెట్నర్ తన మూడో పియానో కన్చెర్టోను మహారాజుకు అంకితమిచ్చాడు. తన పియానో క్వింటెట్‌ను అయోలియన్ క్వార్టెట్‌తో కలిసి ఆయనే వాయించిన రికార్డింగు కూడా ఉంది. ఆ కృతిని తరవాత వాయించిన ఏ బృందాన్నయినా కృతికర్త చేతి వాదనతోనే సరిచూడవచ్చు. బీథోవెన్ విషయంలో లోకానికి దక్కని భాగ్యం అది.

ఈ రాజు కర్ణాటక సంగీతంలోనూ కృతికర్తే. శ్రీవిద్య ముద్రతో సంస్కృతంలో 94 కృతులు కట్టారు. ఆస్థాన విద్వాంసులు మైసూరు వాసుదేవాచార్యులది మాత్రం ప్రధానంగా తెలుగు, సంస్కృతాల బాట. ఖమాస్ రాగంలో ఆయన రాసిన ‘బ్రోచేవారెవరురా’ 1980లో విడుదలైన శంకరాభరణం సినిమాతో ఇంటింటికీ చేరింది. దాన్ని కచేరీ విద్వాంసులు ఎందరో పాడారు, ఎందరో వాయించారు. పోల్చి వినబోతే క్వార్టెట్ దగ్గర లేని సంగతి ఒకటి ఎదురవుతుంది. అక్కడ నాలుగు వాద్యాలదీ ప్రతి స్వరమూ రాసి ఉంది. ఇక్కడ కృతి గురువు నోట శిష్యుడికి పాఠాంతరంగా వస్తుంది. సంగతుల సంఖ్య, వరస, చివరికి ఎత్తుగడ కూడా శిష్యపరంపరను బట్టి మారవచ్చు. కైవారం తాతయ్య యోగి నారేయణుల కీర్తనలు చింతామణి చుట్టుపక్కల భజనల్లో అలాగే నిలిచాయి, కాగితం కంటే గొంతు పట్టుకున్న సంగీతం. గురుపూర్ణిమకు కైవారంలో రాత్రింబగళ్ళు సాగే ఉత్సవంలో అదే కీర్తన రెండు గుంపుల నోట విన్నవాళ్ళు ఏ వరస ఎవరిదో చెప్పగలరు.

వయొలిన్ మాత్రం రెండు లోకాల్లోనూ ఉంది. 19వ శతాబ్దారంభంలో బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చి కర్ణాటక సంగీతానికి తెచ్చారు. 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖ సీమలో పెరిగి, విజయనగరం సంగీత కళాశాలలో బోధించి దానికే అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామి నాయుడు నిండైన పొడుగు కమానుతో స్వరాన్ని తేటగా నిలిపేవారు. 1952లో పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనుహిన్ మద్రాసు వచ్చినప్పుడు న్యాయమూర్తి పి.వి. రాజమన్నారు ఇంట ద్వారం వాద్యం విని ముగ్ధుడయ్యాడు. మైసూరు టి. చౌడయ్య దారి వేరు. మైకులు లేని రోజుల్లో వెనక వరసల దాకా వినబడాలని ఫిడేలుకు మూడు తీగలు పెంచి ఏడు చేశారు, నాదం దళసరి అయింది. ద్వారం వారి ప్లేటు, చౌడయ్య ప్లేటు ఒకదాని తరవాత ఒకటి వింటే, లేనర్‌కూ బుష్‌కూ మధ్య ఉన్నంత దూరం ఇక్కడా ఉందని తెలుస్తుంది.

1948లో ఎక్కువసేపు వాగే ఎల్‌పీ ప్లేట్లు వచ్చాక పక్క తిప్పే బాధ చాలావరకు పోయింది. టేపుతో కత్తిరించి అతికించడం వచ్చింది. తప్పులు మాయమయ్యాయి, ఒక్క ఊపున సాగిందా లేదా అన్నది వినేవాళ్ళకు తెలియకుండా పోయింది. బుడాపెస్ట్ వాళ్ళు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న స్ట్రాడివారి వాద్యాల మీద 1950ల తొలినాళ్ళలో బీథోవెన్ అంతా ఒకసారి రికార్డు చేసి, స్టీరియో వచ్చాక మళ్ళీ చేశారు. అంటే వాళ్ళను వాళ్ళతోనే పోల్చవచ్చు. 1985లో మొదలైన క్వాతుయోర్ మొజాయిక్ బృందం నరపు తీగలు బిగించి, హైడెన్ కాలంలో నాదం ఎలా ఉండేదో చూపింది. వియన్నాకు చెందిన ఆల్బన్ బెర్గ్ క్వార్టెట్ బీథోవెన్‌ను 1978 నుంచి 1983 దాకా స్టూడియోలో పూర్తిచేసి, 1989లో వియన్నా కోంట్సెర్ట్‌హౌస్‌లో శ్రోతల ముందు మళ్ళీ మొత్తం వాయించి రికార్డు చేసింది. రెంటిలోనూ ఓపస్ 131 ఉంది. బుష్ ప్లేటు విన్న చెవితోనే ఈ రెండూ వినాలి, ముందు శ్రోతల ఎదుట వాయించినదీ, తరవాత స్టూడియోదీ.