నల్లా దగ్గర బిందెలు, ప్రింటరు దగ్గర కాగితాలు

లాల్‌దర్వాజాలో మా చిన్నప్పటి ఇంట్లో నడిమిట్ల వాకిలి, చుట్టూ నాలుగు వాటాలు, అందరికీ కలిపి ఒక్కటే నల్లా. నీళ్లొచ్చే వేళకు ముందే బిందెలు వరుసగా కూర్చునేవి. బిందె పెట్టినవాళ్లు అక్కడే నిలబడక్కర్లేదు. లోపలికి పోయి వంట చూసుకుంటే, వంతు రాగానే ఎవరో ఒకరు కేకేసేవారు. ఇప్పుడు అదే గల్లీలో మా ఇంట్లో మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. పిల్లల హాల్‌టికెట్లు, కరెంటు బిల్లు, మీసేవ దరఖాస్తు తీగ లేకుండానే వచ్చి వరుసలో కూర్చుంటాయి. పంపినవాళ్లు తమ పనిలో పడిపోతారు. కాగితాలు వంతు ప్రకారం బయటికొస్తాయి.

ఈ ఏర్పాటు మొన్నమొన్నటిదని అనుకుంటాం గానీ దీనికి 50 ఏళ్లు దాటాయి, మొదలైంది కూడా గాలిలోనే. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం వేరువేరు దీవుల్లోని టెర్మినళ్లను రేడియో ద్వారా కంప్యూటరుతో కలిపింది. దాని పేరు అలోహానెట్. ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ కలగాపులగమయ్యేవి. అప్పుడు ఎవరికి వారు కాసేపు ఆగి మళ్లీ పంపాలి. ఆగే సమయం ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది కాబట్టి రెండోసారి ఢీకొనడం అరుదు.

అదే కాలంలో కాలిఫోర్నియాలోని జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో గ్యారీ స్టార్క్‌వెదర్ ఒక కాపీయింగ్ యంత్రాన్ని మార్చి లేజర్ ప్రింటరు తయారుచేశాడు. దాదాపు సెకనుకు ఒక పేజీ, అంగుళానికి 500 చుక్కలు! అంతటి యంత్రాన్ని బల్లకొకటి పెట్టడం అయ్యే పనా? అక్కడ ఒక్కొక్కరి ముందుకూ ఆల్టో అనే కంప్యూటరు రాబోతోంది. వాటన్నిటినీ ఆ ఒక్క ప్రింటరుకు కలిపే దారి కావాలి. రాబర్ట్ మెట్‌కాఫ్ అబ్రామ్సన్ పద్ధతిని చదివి, దాన్ని మెరుగుపరిచి, తీగ మీదికి దింపి 1973 మే 22న ఒక మెమో రాశాడు. అదే ఈథర్‌నెట్. నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే. లోకమంతా పాకిన ఆ నెట్‌వర్క్ పుట్టడానికి ఒక ముఖ్య కారణం, నలుగురు ఒక ప్రింటరును పంచుకోవలసి రావడం.

తర్వాతి నడక వేగంగా సాగింది. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటరు ధర 6,995 డాలర్లు, పది మంది పంచుకుంటేనే గిట్టుబాటు. 1992లో విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్ ఆ సౌకర్యాన్ని మామూలు ఆఫీసు కంప్యూటర్లకు తెచ్చింది. 1997లో వైఫైకి పునాది అయిన 802.11 ప్రమాణంతో నెట్‌వర్క్ మళ్లీ గాలిలోకి ఎక్కింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచే తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని 2005లో నియమాలు వచ్చాయి. 2010లో ఎయిర్‌ప్రింట్‌తో ఐఫోన్ కూడా ఆ వరుసలో చేరింది.

పెళ్లిపత్రికలకైతే ఇప్పటికీ చార్మినార్ అవతల ఛత్తా బజారుకే పోతాం, ఆ అందం ఇంటి ప్రింటరుకు రాదు. ఇంటి కాగితాలకు ఇదే దిక్కు. పాత గోడలు మందం కాబట్టి 5 గిగాహెర్ట్జ్ సిగ్నలు లోపలి గదికి చేరేసరికి నీరసపడుతుంది, 2.4 కాస్త నయం. చాలా చిన్న ప్రింటర్లు అందుకునేది కూడా 2.4నే. మొన్న సింహవాహిని మహంకాళి బోనాలకు వచ్చిన చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ పాస్‌వర్డ్ ఇచ్చాం. తిరుగు టికెట్లు తీద్దామంటే వాళ్ల ఫోన్లకు ప్రింటరే కనపడలేదు. అతిథులను ఇంటి సామాను దాకా రానివ్వకుండా రౌటరు కట్టే గోడ అది.

ఇంకో తంటా మమ్మల్ని నెలల తరబడి ఏడిపించింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ప్రింటరు ‘ఆఫ్‌లైన్’ అనేది. రౌటరు దానికి కొత్త నంబరు (ఐపీ అడ్రసు) ఇస్తోంది, కంప్యూటర్లేమో పాత నంబరు కోసం వెతుకుతున్నాయి. ఇల్లు మారినవాళ్ల కోసం పోస్ట్‌మ్యాన్ పాత గుమ్మం దగ్గరే నిలబడ్డట్టు.

మీ ఇంట్లోనూ ప్రింటరు పిలిస్తే పలకడం లేదా? దాన్ని తీసిపారేసి కొత్తది కొనకండి. ముందు రౌటరు సెట్టింగుల్లోకి వెళ్లి దాని నంబరు ఖాయం చేసి, కంప్యూటర్లలో ఒక్కసారి మళ్లీ జతచేయండి. మా ఇంట్లో పది నిమిషాలు పట్టింది.