సమాధుల చుట్టూ దారం

మా నాన్న ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో ఉన్నది మేమిద్దరం ఆడపిల్లలమే. మందులు, స్కానింగులు, బిల్లులు, రాత్రిళ్ళు మేలుకోవడం అన్నీ మావే. తీరా శ్మశానం దగ్గరికి వచ్చేసరికి నీళ్ళకుండ మా పెదనాన్నగారబ్బాయి భుజమ్మీదికి వెళ్ళిపోయింది. అన్నయ్య మంచివాడే. నాన్నంటే ప్రేమే. మమ్మల్నెవరూ తిట్టలేదు, తోసెయ్యలేదు. "మీకెందుకమ్మా, వాడున్నాడుగా" అన్నారు, అంతే. మేం గేటు దగ్గర ఆగిపోయాం. పున్నామ నరకం నుంచి తప్పించేవాడు పుత్రుడని వ్యుత్పత్తి రాసి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. ఆ మాటకి అర్థం ఆ గేటు దగ్గర తెలిసింది.

మరుసటి ఏడాది వేరే పనిమీద యూదు స్త్రీల రచనల గురించి చదువుతూ ఒక ఉత్తరం దగ్గర ఆగిపోయాను. రాసినావిడ హెన్రియెట్టా సోల్డ్. తేదీ 1916 సెప్టెంబరు 16. అప్పటికి ఆమె తల్లి సోఫీ చనిపోయి ఎన్నో రోజులు కాలేదు. హయీం పెరెట్జ్ అనే కుటుంబ స్నేహితుడు ఆ తల్లికోసం తాను కద్దిష్ చెబుతానని ముందుకొచ్చాడు. ఆమె మనసారా కృతజ్ఞతలు చెప్పి, వద్దంది. ఆ 'వద్దు' ఎంత బరువైనదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

చనిపోయాక ఏమవుతుందన్న ప్రశ్నకి యూదుల పవిత్ర గ్రంథాల్లో పాతభాగాలు దాదాపు మౌనంగా ఉంటాయి. షియోల్ అనే చీకటి లోకం ఒకటుంది. మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ అందరూ అక్కడికే. శిక్షా లేదు, బహుమానమూ లేదు. సౌలు రాజు ఒక రాత్రి మారువేషంలో ఎందోరు అనే ఊరికి వెళ్ళి, చనిపోయిన సమూయేలు ప్రవక్తని పైకి పిలిపిస్తాడు. పిలిచింది ఒక స్త్రీ. అలా పిలవడాన్ని నిషేధించింది ఆ రాజే! భయంతో కూలబడిపోయిన అతనికి దూడని కోసి, రొట్టె కాల్చి అన్నం పెట్టింది కూడా ఆమే. 'మంత్రగత్తె' అన్న పేరు మాత్రం మిగిలింది.

చనిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారన్న నమ్మకం స్పష్టంగా కనిపించేది చాలా తర్వాత, క్రీ.పూ. 2వ శతాబ్దంలో, అంతియోకస్ రాజు యూదుల మతాచారాలని నిషేధించి హింసించిన కాలంలో. దానియేలు గ్రంథం చివర ఆ మాట వస్తుంది. నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం మక్కబీయుల రెండో గ్రంథం. కళ్ళముందే ఏడుగురు కొడుకుల్ని చంపుతుంటే ఒక తల్లి వాళ్ళకి ధైర్యం చెబుతుంది. నా గర్భంలో మీరెలా రూపుదిద్దుకున్నారో నాకే తెలియదు, అలా ఇచ్చినవాడే మళ్ళీ ఇస్తాడన్నది ఆమె మాటల సారం. పునరుత్థానానికి గర్భమే సాక్ష్యమన్నమాట. పండితులు వందల ఏళ్ళు తర్కించిన విషయాన్ని తన ఒంటి అనుభవంతో తేల్చేసిన ఆ తల్లికి ఆ గ్రంథంలో పేరు లేదు. మిర్యమ్ అనీ హన్నా అనీ తర్వాతివాళ్ళు తలా ఒక పేరూ పెట్టారు.

అప్పుడు కూడా అందరూ ఒప్పుకోలేదు. సద్దూకయ్యులు పునరుత్థానం లేదన్నారు, పరిసయ్యులు ఉందన్నారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా, పరిసయ్యుల వారసుల పక్షాన నిలిచి, పునరుత్థానాన్ని కాదన్నవాళ్ళకి రాబోయే లోకంలో పాలు లేదని కొట్టిపారేసింది. గెహిన్నోమ్ అనే నరకం సంగతీ అందులో ఉంది. యెరూషలేము పక్కనున్న ఒక లోయ పేరే దానికి వచ్చింది. అక్కడ పాపులకి శిక్ష పన్నెండు నెలలేనన్న లెక్క కూడా ఉంది. మన గరుడ పురాణం వింటూ పెరిగినదాన్ని, ఏడాదితో సరిపెట్టే నరకం నాకు దయగానే అనిపించింది.

ఆ ఏడాదిలోకే కద్దిష్ వచ్చి చేరింది. అది చాలావరకు అరమాయిక్ భాషలో ఉన్న చిన్న ప్రార్థన. అందులో చావు మాటే ఉండదు, దేవుణ్ణి కీర్తించడమే. దాన్ని చనిపోయినవాళ్ళకోసం చెప్పడం మధ్యయుగాల్లో, రైన్ నదీతీరపు యూదుల్లో మొదలైంది. 1096లో క్రూసేడు మూకలు ఊచకోత కోసింది వాళ్ళనే. కొడుకు పదిమంది మగవాళ్ళ సభలో నిలబడి చెప్పాలి. పన్నెండు నెలలూ చెబితే తండ్రిని పరమపాపుల్లో లెక్కగట్టినట్టవుతుందని తర్వాత పదకొండు నెలలకి కుదించారు. ఈ మర్యాద నాకు నచ్చింది.

దీనికి వెనకున్న కథలో రబ్బీ అకీవాకి నగ్నంగా, బొగ్గులా నల్లబడి కట్టెలమోపు మోస్తున్న మనిషి ఎదురవుతాడు. అతను చనిపోయినవాడే. బతికున్నప్పుడు పన్నులు వసూలు చేస్తూ ధనికుల్ని వదిలేసి పేదల్ని పీడించాడు. రోజూ తన కట్టెలు తనే తెచ్చుకుని వాటిమీదే కాలుతున్నాడు. సభలో నిలబడి దేవుణ్ణి కీర్తించే కొడుకుంటే విముక్తి దొరుకుతుంది. చనిపోయేనాటికి భార్య గర్భవతి. అకీవా వెతికి, ఆ పిల్లవాణ్ణి పట్టుకుని చదువు చెప్పి నిలబెడతాడు. తండ్రి బయటపడతాడు. కథ చదివిన ఏ ఆడదానికైనా వచ్చే సందేహమే నాకూ వచ్చింది. ఆవిడకి ఆడపిల్ల పుట్టివుంటే?

యిద్దిష్ మాట్లాడే ఇళ్ళల్లో కొడుకుని ముద్దుగా 'నా కద్దిష్' అనేవారు. ఈ ముద్దుమాట వినే కూతురి ముఖం ఎలా ఉండేదో!

ఆడపిల్లలే ఉన్న ఒక తండ్రి ఈ ప్రశ్నని నిజంగానే ముందుకు తెచ్చాడు. 17వ శతాబ్దంలో, ఆమ్‌స్టర్‌డామ్‌లో. తను పోయాక ఏడాదిపాటు పదిమంది తన ఇంట్లోనే రోజూ కూర్చుని శాస్త్రం చదవాలనీ, ఆ తర్వాత తన కూతురు కద్దిష్ చెప్పాలనీ ఏర్పాటు చేసి పోయాడు. ఇది సరైనదేనా అన్న ప్రశ్న రబ్బీ యాయిర్ బఖరాఖ్ దాకా వెళ్ళింది. ఆయన జవాబు 1699లో అచ్చయిన సంపుటంలో ఉంది. కాదనడానికి శాస్త్రంలో ఆధారం లేదంటాడు. కూతురూ సంతానమే కాబట్టి ఆమె మాటవల్ల కూడా తండ్రి ఆత్మకి మేలు జరుగుతుందంటాడు. అన్నీ ఒప్పుకుని, ఎవరికి వాళ్ళు ఇలా చేస్తూపోతే ఆచారం బలహీనపడుతుంది కనుక కూడదంటాడు. శాస్త్రం అడ్డుకాదు, ఆచారం అడ్డు. "వాడున్నాడుగా" అన్న మాటకి ఇంత నిజాయితీ అయినా లేదు.

అయితే చనిపోయినవాళ్ళతో స్త్రీలకి సంబంధమే లేకపోయిందా? కద్దిష్ చరిత్ర ఒక్కటే చదివితే అలాగే అనిపిస్తుంది. ఆ పొరపాటు నేనూ చేశాను. చావా వైస్లర్ 1998లో ప్రచురించిన 'వాయిసెస్ ఆఫ్ ద మేట్రియార్క్స్' చదివాక సరిదిద్దుకున్నాను. ఆవిడ పరిశోధించింది తఖినేలని. ఇవి యిద్దిష్‌లో స్త్రీలకోసం అచ్చయిన ప్రార్థనలు. సభలో గొంతెత్తి చదివేవి కావు, చాలావరకు ఇంట్లో, 'నేను' అంటూ సొంత మాటల్లా చెప్పుకునేవి.

తూర్పు యూరప్‌లో ఏడాదికోసారి, యోమ్ కిప్పూర్ ఉపవాస దినానికి ముందురోజుల్లో, స్త్రీలు శ్మశానానికి వెళ్ళేవారు. నూలు దారపు ఉండ తీసుకుని సమాధుల్ని కొలిచేవారు. ఒక్కోసారి శ్మశానం మొత్తం చుట్టూ దారం తిప్పేవారు. ఈ పనిలో ఆరితేరిన ఆడవాళ్ళు ప్రత్యేకంగా ఉండేవారు. ఆ దారాన్ని ఇంటికి తెచ్చి వత్తులుగా వేసి, మైనంతో కొవ్వొత్తులు చేసేవారు. బతికున్నవాళ్ళకొకటి, చనిపోయినవాళ్ళకొకటి. కార్తీకానికి వత్తులు చేసే మా అమ్మమ్మ వేళ్ళు గుర్తొచ్చాయి గానీ, ఇది వేరు. ఈ దారం చావు పొడవునీ వెడల్పునీ కొలిచి వచ్చిన దారం.

ఒక్కో పోగూ వేస్తూ ఒక్కో పేరు తలుచుకోవాలి. ఎలా తలుచుకోవాలో సారా బస్ తోవిమ్ పేరుతో ఉన్న 'మూడు ద్వారాలు' అనే పుస్తకం చెబుతుంది. ఈవిడది 18వ శతాబ్దపు ఉక్రెయిన్ ప్రాంతం. అసలు ఇలాంటి మనిషే లేదని చాలాకాలం పండితులు అనుమానించారు. (ఆడది రాసిందంటే ముందు పుట్టే అనుమానం ఇదే కదా, అది మొల్ల అయినా మరొకరైనా!) ఆదిమానవులైన ఆదాము, హవ్వల పేర పోగు వేస్తూ, లోకానికి చావు తెచ్చిపెట్టిన తప్పుని సరిదిద్దుకొమ్మని అడుగుతారు. తల్లి సారా పేర పోగు వేస్తూ, కొడుకు ఇస్సాకుని బలికి తీసుకెళ్ళినప్పుడు నువ్వు పడ్డ బాధ గుర్తుందిగా, మా పసివాళ్ళు మానుంచి పోకుండా మాట్లాడిపెట్టు అని వేడుకుంటారు. బైబిల్లో ఆ బలి కథలో సారా ఊసే లేదు. ఈ వత్తుల దగ్గరే ఆమె బాధకి చోటు దొరికింది. వైస్లర్ చూపించేది ఏమిటంటే, ఇక్కడ సాయం ఒకవైపే సాగదు. బతికున్నవాళ్ళు చనిపోయినవాళ్ళకి వెలుగు పెడితే, వాళ్ళు వీళ్ళ తరఫున పైన వాదిస్తారు. ఇందులో కొడుకు అవసరమే లేదు. పదిమంది మగవాళ్ళ సభ అవసరమూ లేదు.

అదే పుస్తకంలో స్త్రీల స్వర్గమూ ఉంది. ఇది సారా సొంత ఊహ కాదు, 13వ శతాబ్దం చివర స్పెయిన్‌లో వెలువడిన జోహార్ నుంచి చేతులు మారుతూ వచ్చింది. అక్కడ మందిరాలుంటాయి. ఒక్కోదానికి ఒక్కో స్త్రీ పెద్ద. మోషేని పెంచిన ఫరో కూతురు ఒకచోట, ఆషేరు కూతురు సెరహ్ ఒకచోట, మోషేని కన్న యోకెబెద్ ఒకచోట, దెబోరా ఒకచోట. వాళ్ళచుట్టూ వేలమంది స్త్రీలు. భూమ్మీద వాళ్ళకి అందని శాస్త్రపు లోతులు అక్కడ చదువుకుంటారు. మందిరాల్లో మగవాళ్ళుండరు. అర్ధరాత్రివేళ భార్యాభర్తల ఆత్మలు కలుస్తాయని జోహార్ అంటుంది. ఆ కాస్తా వదులుకోలేకపోయారు పాపం!

మామూలు ఆడవాళ్ళు విన్న స్వర్గం మాత్రం ఇది కాదు. భర్తనీ పిల్లల్నీ చదువుకి పంపి, వాళ్ళు వచ్చేదాకా ఎదురుచూడటమే స్త్రీల పుణ్యమని తాల్ముద్ అంటుంది. దాన్నుంచి దిగుతూ దిగుతూ, స్వర్గంలో భార్య భర్తకి కాళ్ళపీట అవుతుందన్న నానుడి దాకా వచ్చింది. రచయిత ఐ.ఎల్. పెరెట్జ్ (ఉత్తరం అందుకున్న పెరెట్జ్ వేరు) ఈ పీటమీద ఒక కథ రాశాడు. కూలీ హయీం ఆ మాట విని ఇంటికొచ్చి భార్యని చూసి, అదేం కుదరదు, నువ్వు నా పక్కనే కూర్చోవాలి, దేవుడు ఒప్పుకుని తీరాలి అంటాడు. అందమైన కథే. కానీ పీట తీయించడానికి కూడా అక్కడ మొగుడి మంచితనమే కావాల్సొచ్చింది.

అందుకే సోల్డ్ ఉత్తరం నాకు ముఖ్యం. ఆమె ఎవరి మంచితనాన్నీ శంకించదు. పెరెట్జ్ చూపిన ఆప్యాయతకి ఎంతగా కరిగిపోయిందో చెబుతుంది. ఆ ఆచారమంటే తనకి ప్రాణమనీ అంటుంది. అందుకే ఇంకొకరికి ఇవ్వలేనంటుంది. కద్దిష్ చెప్పడమంటే తన తల్లిదండ్రులు సమాజంతో పెట్టుకున్న అనుబంధాన్ని తాను కొనసాగిస్తానని అందరిముందూ ప్రకటించడం అని ఆమె వివరణ. అలాంటి ప్రకటన ఎవరి సంతానం వాళ్ళే చెయ్యాలిగా! స్త్రీలకి ఈ బాధ్యత లేదనడం వాళ్ళని నిషేధించడానికి కాదని కూడా వాదిస్తుంది. తర్వాత ఇంట్లో సంగతి. తన తల్లికి ఎనిమిదిమంది కూతుళ్ళు, కొడుకుల్లేరు. అయినా ఒక్క కొడుకన్నా లేడే అన్న మాట తల్లి నోటగానీ తండ్రి నోటగానీ ఎన్నడూ వినలేదు. రబ్బీ అయిన తండ్రి 1902లో పోయినప్పుడు కూడా, కూతుళ్ళ స్థానంలో వేరేవాళ్ళని ఆ తల్లి నిలబెట్టనివ్వలేదు.

స్వర్గం, నరకం, పన్నెండు నెలలు, ఇవేవీ ఆ ఉత్తరంలో ముందుకు రావు. తల్లి ఆత్మ ఏమవుతుందన్నదానికంటే తల్లికి వారసులెవరన్నదే ఆమెకి ప్రశ్న. అప్పటికి ఆమెకి 55 ఏళ్ళు. 1912లో హదస్సా స్త్రీల సంఘాన్ని స్థాపించిన మనిషి. అంతకుముందు తండ్రి రాతప్రతుల్ని పరిష్కరించడానికి న్యూయార్క్‌లోని రబ్బీల కళాశాలలో చదువుకుంటానంటే, రబ్బీ పట్టా అడగనని మాటిచ్చాకే రానిచ్చారు.

తర్వాతి కథ త్వరగానే చెప్పొచ్చు. అమెరికాలో కన్సర్వేటివ్ యూదు శాఖ 1973లో ఆ పదిమందిలో స్త్రీలనీ లెక్కపెట్టవచ్చంది. సనాతన శాఖలో కొన్నిచోట్ల కూతుళ్ళు కద్దిష్ చెబుతున్నారు, కొన్నిచోట్ల ఇంకా చెప్పనివ్వరు. రచయిత్రి ఇ.ఎం. బ్రోనర్ తండ్రికోసం పట్టుబట్టి రోజూ సనాతనుల ప్రార్థనాలయానికి వెళ్ళి, తెర వెనక నిలబడి చెప్పిన అనుభవాన్ని 1994లో పుస్తకంగా తెచ్చింది. దారంతో కొలిచిన శ్మశానాల ఊళ్ళలో చాలావాటిలో మాత్రం యూదులే మిగల్లేదు. 1939, 1945ల మధ్య చంపేసిన ఆ స్త్రీల్లో అత్యధికులకి కొలవడానికి సమాధి కూడా లేదు.

వచ్చే నెల్లో మా నాన్న సంవత్సరీకం. అన్నయ్య మొన్న ఫోన్ చేసి తిథి ఎప్పుడో కనుక్కున్నాడు, సెలవు పెట్టాలట. కనుక్కుని చెప్తానన్నాను. అక్కతో మాట్లాడాను. అమ్మ మా ఇద్దరి మాటలూ వింటూ కూర్చుంది, అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. చివరికి, "వాడు నొచ్చుకోకుండా చెప్పండి" అంది. సోల్డ్ ఉత్తరం మళ్ళీ తీశాను. మొదట్లో కృతజ్ఞతలు చెప్పిన ఆ నాలుగు వాక్యాలు ఎలా రాసిందో చూస్తున్నాను.