మారింది ఎవరి అలవాటు?

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు” అనేది మా అమ్మమ్మ. తాతయ్య తాగుడు గురించే ఆ మాట. సాయంత్రం వీధి గేటు చప్పుడు కాగానే ఇంట్లో మా అందరి గొంతులూ తగ్గిపోయేవి. అది కూడా ఒక అలవాటేనని మాకెప్పుడూ తోచలేదు. ఆడవాళ్ళ స్వభావమే అంత అనుకున్నాం.

నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమ చరిత్ర చదివినప్పుడు ఆ గేటు చప్పుడు గుర్తుకొచ్చింది.

సారా తాగడం మగవాళ్ళ బలహీనత అనేవారు. కానీ ఆ బలహీనతను పోషించిందెవరు? ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్ల సారాను పల్లెలకు చేర్చింది. కాంట్రాక్టర్లు వేలంలో దుకాణాలు పాడుకున్నారు. ఖజానాకు ఆ ఆదాయం కావాలి. కూలి డబ్బులు ఇల్లు చేరేలోపే దారిలో దుకాణం. ఇంతమంది కలిసి నిలబెట్టినదాన్ని ఒక మనిషి బుద్ధి అని సరిపెట్టుకోవడం ఎవరికి లాభం?

1991లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికెళ్ళిన ఆడవాళ్ళు రాత్రి బడికి వచ్చారు. వాళ్ళు చదువుకున్న పాఠాల్లో, ఊరి స్త్రీలు ఏకమై సారా ఆపించిన కథ ఒకటుంది. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటివాళ్ళు తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకింది. వేలం పాటలు వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు.

“చూశారా, మళ్ళీ మొదటికే వచ్చింది” అంటారు చాలామంది. ఆ లెక్కలో ఉన్నది మగవాళ్ళ తాగుడొక్కటే. ఏళ్ళ తరబడి దెబ్బలు దాచుకున్న మనిషి దుకాణం ముందు నిలబడి గొంతెత్తడం ఏ లెక్కలోకి వస్తుంది? అది ఒక్కరోజులో వచ్చిన ధైర్యం కాదు. రాత్రి బడి వాళ్ళకు అక్షరాలతో పాటు కలిసి కూర్చునే చోటు ఇచ్చింది. ఎవరికి వారు తలరాత అనుకున్నది పదిమంది నోట ఒకే కథగా వినపడింది. తర్వాత రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు ఏర్పడ్డాయి. కలిసి కూర్చోవడం ఆగలేదు.

దీన్ని పూర్తి విజయమని నేననను. దుకాణం మూతపడినంత మాత్రాన ఇంట్లో హింస మూతపడదు. సంసారాన్ని నిలబెట్టే బరువు పొదుపు పేరుతో మళ్ళీ ఆమె నెత్తినే పడింది. అయినా, స్వభావం అనుకున్నది మారగలదని, అది ఒంటరిగా పట్టుదల పడితే వచ్చేది కాదని ఆ స్త్రీలే నాకు చూపించారు.

నాకిప్పుడు యాభై దాటాయి. మా ఇంట్లో తాగేవాళ్ళు లేరు. అయినా తలుపు చప్పుడైతే నా గొంతు తగ్గుతుంది. ఎన్నిసార్లు మానుకోవాలనుకున్నా నావల్ల కాలేదు. స్నేహితురాళ్ళతో మాటల్లో ఉన్నప్పుడు మాత్రం ఎవరొచ్చినా నా వాక్యం ఆగడం లేదని ఈమధ్యే గమనించాను.

ఈ సంగతి అమ్మమ్మకు చెప్పాలనిపించింది. ఆమె దూబగుంట పేరు వినకుండానే పోయింది.