పాత స్టీలు గిటారులు – సేకర్తల ధర్మము

సంగీతవాద్యములను వాయించువారు కొందరు, వినువారు అనేకులు. వాయించినను వాయింపకపోయినను వాటిని వెదకి కొని భద్రపరచువారు మూడవ తెగకు చెందినవారు. ఈ మూడవ తెగవారిని చూచి లోకులు నవ్వుట కద్దు. నేనును ఒకప్పుడు నవ్వినవాడనే. మా నాయనగారి గిటారు విషయమున నేను చేసిన ఒక పొరపాటు నా నవ్వును మాన్పినది. ఆ ముచ్చటను చివర మనవి చేసెదను. ముందుగా ఆ వాద్యము కథ చెప్పవలసియున్నది.

స్టీలు గిటారు అనగా ఉక్కుతో చేసిన గిటారు కాదు. గిటారును ఒడిలో వెల్లకిల పరుండబెట్టి, తంతులను వ్రేళ్ళతో మెట్లపై నొక్కుటకు బదులు, ఎడమచేతిలోని నునుపైన ఉక్కుకడ్డీని వాటిపై జరుపుచు కుడిచేతితో మీటుదురు. ఆ కడ్డీని బట్టి వాద్యమునకు ఆ పేరు వచ్చినది. హవాయి దీవులలో పుట్టినది గనుక మన దేశమున దీనిని హవాయియన్ గిటారు అనుట వాడుక. స్వరమునుండి స్వరమునకు తెగకుండ జారుటయే దీని జీవము. గోటువాద్యము విన్న చెవులకు ఈ జారు క్రొత్త కాదు.

హవాయి దీవులకు గిటారు 19వ శతాబ్దమున వచ్చినది. అచటి పశువుల మందలను కాయుటకు మెక్సికో ప్రాంతమునుండి వచ్చిన పశుపాలకులు దానిని తమవెంట తెచ్చిరి. ఓవాహూ దీవిలోని లాయియే గ్రామమున 1874లో జన్మించిన జోసెఫ్ కెకుకు ఈ క్రొత్త పద్ధతిని కనుగొనెనని ప్రసిద్ధి. 1889 ప్రాంతమున, హొనలూలూలోని కమేహామేహా పాఠశాలలో చదువు బాలుడుగా ఉన్నప్పుడే ఆయన దీనిని సాధన చేసెను. మొదట తంతులపై జరిపినది ఇనుపమేకు అని కొందరును, దువ్వెన అని కొందరును, చాకు అని కొందరును చెప్పుదురు. ఏదైనను పిదప నునుపైన ఉక్కుకడ్డీ స్థిరపడినది. ఇచట మనకు ఆసక్తి కలిగించు మరియొక వాదము కలదు. కెకుకు కంటె ముందే, భారతదేశమున జన్మించి ఒక నౌకాధిపతిచే అపహరింపబడి హవాయి చేరిన గేబ్రియల్ డేవియన్ అను యువకుడు ఒక తంతిపై ఇట్లు జార్చి వాయించెనని హవాయి సంగీతజ్ఞులలో ఒకరు వ్రాసియున్నారు. ఈ వాదము రుజువైనది కాదు. కాని పూర్తిగా త్రోసివేయబడినదియు కాదు.

ఆ దీవుల రాజ్యమునకు అది కష్టకాలము. 1893లో రాణి లిలియువోకలానీని పదవీచ్యుతురాలిని చేసిరి. 1898లో అమెరికా ఆ దీవులను తనలో కలుపుకొనెను. రాజ్యము పోయినను పాట మిగిలినది. కెకుకు 1904లో ఇల్లు విడిచి అమెరికాలో వాయించుచు, పిదప ఐరోపాలోను పర్యటించి, 1932లో న్యూజెర్సీలో మరణించెను. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శనమున హవాయి మంటపములో ఈ సంగీతము విన్న జనులు ముగ్ధులైరి. మరుసటి యేడు నుండి అమెరికాలో హవాయి రికార్డులకు గిరాకి ఇంతింత కాదు.

నేడు సేకర్తలు వెదకు గిటారులలో పెక్కు ఈ వెల్లువలో పుట్టినవే. లాస్‌ఏంజెలిసులో హెర్మన్ వైసెన్‌బార్న్ హవాయి కోవా కొయ్యతో చేసిన గిటారులకు మెడ కూడ గుల్లగా ఉండును. ధ్వని తలభాగము వరకు వ్యాపించును. నాటకశాలలు పెద్దవగుటతో కొయ్య గిటారు వెనుకవరుసకు వినబడలేదు. అప్పుడు జార్జ్ బోషాంప్ అను వాదకుని కోరికపై జాన్ డోపియెరా అను శిల్పి లోహపు గిటారును నిర్మించెను. 1927 నుండి ‘నేషనల్’ అను పేర వెలువడిన ఆ వాద్యమునకు జర్మను సిల్వరు దేహము, లోపల మూడు పలుచని అల్యూమినియపు గిన్నెలు ఉండును. తంతుల కదలికకు ఆ గిన్నెలు మారుమ్రోగును. అదియు చాలక, బోషాంప్ విద్యుత్తును ఆశ్రయించెను. ఫలితముగా 1932లో రికెన్‌బ్యాకర్ సంస్థ నుండి వెలువడిన అల్యూమినియపు గిటారు గుండ్రని దేహముతో, పొడవైన మెడతో అచ్చముగా పెనమువలె ఉండుటచే దానికి ‘ఫ్రయింగ్ పాన్’ అను పేరు వచ్చినది. వ్యాపారమున నిలద్రొక్కుకొన్న మొదటి విద్యుత్ గిటారు ఇదియే. నేడు యువకులు భుజమున వ్రేలాడదీసుకొను విద్యుత్ గిటారులకు పూర్వజము ఒడిలో పరుండిన ఈ వాద్యమే యనుట పెక్కుమందికి తెలియదు.

సేకర్త చూపు ఎంత సూక్ష్మమో చెప్పుటకు కొన్ని ఉదాహరణములు చాలును. నేషనల్ గిటారుకు మెడ నలుచదరముగా ఉన్నచో అది ఒడిలో వాయించుటకు చేసినది. గుండ్రముగా ఉన్నచో నిలువుగా పట్టి వాయించుటకు చేసినది. దేహముపై చెక్కిన పూవును బట్టి దాని తరగతి తెలియును. చేమంతి చెక్కినది నాల్గవ తరగతి. రికెన్‌బ్యాకర్ గిటారుపై తంతులను చుట్టియుండు గుఱ్ఱపునాడా వంటి అయస్కాంతముల వెడల్పు ఒకటిన్నర అంగుళమైనచో అది యుద్ధమునకు ముందటిది. ఒకటింబాతిక అయినచో తరువాతిది. ఈ పావు అంగుళమునకై సేకర్తలు ఎంత దూరమైనను పోవుదురు. అయితే అన్నియు ఇట్టి మేలిరకములు కావు. క్లీవ్‌లాండులోని ఓవాహూ సంస్థ 1930 దశకములో పాఠములతోపాటు చౌక గిటారులను ఇంటింటికి అమ్మెను. అట్టి సామాన్యపు గిటారులే నేటికిని అటకలనుండి ఎక్కువగా దిగుచున్నవి.

మన దేశమున ఈ వాద్యమునకు ముఖ్యస్థానము కలకత్తా. లాయియేలోనే పెరిగిన సమోవా జాతీయుడు టావు మోయె, ఆయన భార్య రోజ్ అనేక దేశములు తిరిగి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆ నగరమున నివసించిరి. ఆయన గ్రాండ్ హోటలులో వాయించుచు, కోరినవారికి నేర్పెను. ఆయన శిష్యుడు గార్నీ నిస్ ‘అలోహా బాయ్స్’ అను బృందమును నడపెను. పిదప వంగదేశపు మధ్యతరగతి ఇండ్లలో హార్మోనియము ప్రక్క హవాయియన్ గిటారు చేరినది. నజ్రుల్ ఇస్లామ్ కుమారుడు కాజీ అనిరుద్ధ, సునీల్ గంగూలీ మున్నగువారు రవీంద్రసంగీతమును, చలనచిత్ర గీతములను దీనిపై పలికించిరి. జోధ్‌పూరులో జన్మించిన బ్రిజ్‌భూషణ్ కాబ్రా, అలీ అక్బర్ ఖాన్ శిష్యుడై దీనిపై రాగాలాపన సాగించెను. 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలసి ఆయన వాయించిన ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రికార్డు ఎందరి ఇండ్లలోనో మ్రోగినది. మెట్ల వాద్యమునకు లొంగని గమకము కడ్డీకి లొంగినది. మనవారు దీనిని ఆదరించుటకు ఇదియే కారణమని నా తలంపు.

సేకరణము వలన ప్రయోజనమేమని అడుగువారికి ఒక వృత్తాంతము చెప్పెదను. అమెరికా దేశస్థుడు బాబ్ బ్రోజ్‌మన్ నేషనల్ గిటారులను, పాత హవాయి రికార్డులను సేకరించినవాడు. స్వయముగ గొప్ప వాదకుడు. 1980 దశకములో ఆయన రికార్డును కొనగోరి హవాయినుండి ఒకరు ఉత్తరము వ్రాసిరి. సంతకము టావు మోయెది. 1929లో టోకియోలో యువకుడైన మోయె వాయించిన రికార్డులు బ్రోజ్‌మన్ వద్ద అప్పటికే భద్రముగా ఉన్నవి! ఇరువురును కలసికొనిరి. దాదాపు అరువది యేండ్లనాటి ఆ పాటలను మోయె కుటుంబము ఆయనతో కలసి తిరిగి పాడి రికార్డు చేసినది. ఒకడు దాచియుంచుట చేతనే ఆ పాట మరల పలికినది. 2003లో అదే బ్రోజ్‌మన్ కలకత్తా వాదకుడు దేవాశిష్ భట్టాచార్యతో కలసి ‘మహిమ’ అను రికార్డును వెలువరించెను. లాయియేనుండి కలకత్తాకు వచ్చిన దారి అట్లు మరల తెరువబడినది.

ఇక నా పొరపాటు. మా నాయనగారు కేంద్రప్రభుత్వోద్యోగిగా 1970 దశకములో కలకత్తాలో పనిచేసిరి. ఆ కాలమున చిత్‌పూరు రోడ్డున ఒక పాత హవాయియన్ గిటారును కొని, ఆఫీసు వేళలు కాగానే ఒక వంగ గురువు వద్ద నేర్చుకొనిరి. ఢిల్లీకి బదిలీ అయిన పిదప అది మంచము క్రిందికి చేరినది. వారు గతించిన మరుసటి యేడు, వారి తిథినాటికి దానిని బాగుచేయింపవలెనని ఒక మరమ్మతుదారునకు ఇచ్చితిని. అతడు నిజాయితీతోనే పనిచేసెను. పాత వార్నీషు గీకి క్రొత్తది పూసెను. త్రుప్పుపట్టిన బిరడలను మార్చెను. లోపల అంటించియున్న మాసిన వంగలిపి చీటీని కడిగివేసెను. గిటారు అద్దమువలె మెరయుచు ఇంటికి వచ్చినది. మా అమ్మగారు దానిని చేతితో తడవి, “ఇది మీ నాన్నగారిది కాదురా,” అనిరి. ఆమె చేయి వెదకినది, ఆయన ముంజేయి నిత్యము ఆనిన చోట రంగు వెలిసి పడిన మచ్చను. దాని నిర్మాత ఎవరో, ఏ వీధివాడో ఆ చీటీతోనే పోయినది. పాత బిరడలకై మరల పోయితిని. అవి అప్పటికే చెత్తలో చేరినవి.

మన సెక్రటేరియట్‌లో ఎంత చిన్న గుమాస్తా అయినను దస్త్రములోని పాత నోటును చెరపడు. దానితో ఏకీభవింపకున్నను దాని క్రింద తన నోటు వ్రాయును. ఇరువది యేండ్లుగా ఈ నియమమును పాటించుచున్న నేను, మా ఇంటి దస్త్రమును నా చేతులారా తుడిచివేయించితిని. నిజమైన సేకర్త చేయునది నోటు వ్రాయుటయే. కొయ్య పగిలినచో అతుకును, కాని అతుకును దాచడు. తీసిన బిరడను పెట్టెలోనే ఉంచును. కొన్నది ఎక్కడ, వాయించినది ఎవరు అని కాగితముపై వ్రాసి దానితోనే ఉంచును.

అమెరికా గిటారులకు గ్రంథములు కలవు, వేలములు కలవు, ధరలు కలవు. కలకత్తా చిన్న దుకాణములలో చేసిన వాటిని గూర్చి వ్రాసినవారు అరుదు. వాటి చరిత్ర మనవంటి ఉద్యోగుల ఇండ్లలో, అటకలపై, మంచముల క్రింద ఉన్నది. మన సంఘసభ్యులలో కలకత్తాలో పనిచేసినవారు, వారి సంతానము పెక్కురు కలరు. మీ ఇంట అట్టి వాద్యమున్నచో దయచేసి మెరుగు పెట్టింపకుడు. లోపలి చీటీని దీపపు వెలుగున చదివి నకలు వ్రాసికొనుడు. తంతులను కొంత వదులుచేసి భద్రపరచుడు. వాయింపదగిన స్థితిలో ఉన్నచో ఒక పిల్లవాని ఒడిలో ఉంచుడు.

మా గిటారున మా నాయనగారి గుర్తు ఒక్కటే మిగిలినది. మరమ్మతుకు ఇచ్చునాడు సొరుగులో ఉండిపోయిన ఉక్కుకడ్డీ అది. ఒక ప్రక్క బొటనవ్రేలి ఒరిపిడికి మెరుగెక్కియున్నది. మా అమ్మాయి ఇప్పుడు దానితోనే సరళీస్వరములు సాధన చేయుచున్నది. ఆ మెరుగుపై మాత్రము ఎవరిని గుడ్డ వేయనీయను.